అత్త ఆడిన పోలీసు ఆట

మా అత్త పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను తిరుపతిలో, నేను పనిచేసే కళ్లద్దాల అంగట్లో, ఒక పెద్దాయన చేత అక్షరాల చార్టు చదివిస్తున్నాను. ఆయన నాలుగో వరుస దగ్గర ఆగి కళ్లు చికిలిస్తుండగా ఫోను మోగింది. మా నాయన. పొద్దున తొమ్మిదిన్నరకు మామిడితోటలో పని వదిలి ఫోను చేసే మనిషి కాడు.

"పాపా, మీ అత్త పోయినాది," అన్నాడు. "పాలామె తలుపు తట్టిందంట, పలకలేదంట. పక్కింటోళ్లు పోయి సూస్తే కుర్చీలోనే ఉండాదంట. గుండె అంటా ఉండారు."

"సరే నాయనా, వస్తాను," అన్నాను. ఫోను పెట్టేసి, ఆ పెద్దాయన చేత ఐదో వరుస కూడా చదివించి, నంబరు కాగితం మీద రాసిచ్చి, అప్పుడు లేచాను. ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. అత్త మాత్రం తప్పు పట్టేది కాదు. డ్యూటీ సగంలో వదిలిపెట్టి పోయేవాళ్లంటే ఆమెకు గిట్టదు.

ఆమె మా నాయనకు అక్క. కానిస్టేబులుగా చేరి హెడ్ కానిస్టేబులుగా రిటైరైంది. ఊరందరికీ హెడ్డమ్మ, నాకు అత్త. మామ నేను పుట్టకముందే పోయాడు. వాళ్లకు పిల్లల్లేరు. మా ఊళ్లో ఐదో తరగతితో బడి అయిపోతుంది కాబట్టి నాయన నన్ను తిరుపతిలో అత్త దగ్గర వదిలిపెట్టాడు. పోలీసు క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు. ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా నేను అక్కడే పెరిగాను. నా జడ, నా చదువు, నా తిండి, నా మంకుతనం అన్నీ ఆమె చేతి మీదుగా నడిచినవే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. కానీ ఇది రాస్తున్నది అందుకొక్కదానికే కాదు. ఆమె పట్ల నేనొక తప్పు చేశాను. అది తప్పని ఆమె పోయిన పదో రోజున తెలిసింది. ఇక ఆమెకు చెప్పలేను కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

పోలీసత్త అనగానే మా క్లాసులో ఆడపిల్లలు ముందు అడిగేది తుపాకీ గురించే. నిజానికి ఆమె చేతికి తుపాకీ వచ్చేది ఏడాదికొకసారి, ఫైరింగు ప్రాక్టీసు రోజున. మిగిలిన రోజుల్లో కొండమీద ఆడవాళ్ల క్యూల దగ్గర డ్యూటీ, లేకపోతే ఎక్కడో జాతర బందోబస్తు. తప్పిపోయిన పిల్లల్ని వెతికి ఇవ్వడం, తోపులాట సర్దడం, గొలుసు దొంగల్ని కనిపెట్టడం. ఈ చివరిదాంట్లో ఆమెకు పెద్ద పేరు. అంత జనంలో ఎలా పట్టుకుంటావత్తా అని ఒకసారి అడిగాను.

"క్యూలో అందురి మొగాలూ దేవుని తట్టే ఉంటాయి పాపా," అంది. "మొగం సూసినావంటే అందురూ భక్తులే. చేతులు సూడల్ల. చేతులు యాడికి పోతా ఉండాయో అదే మనిషి."

మొగం చూడొద్దు, చేతులు చూడు. కూరగాయలు కొనేటప్పుడు, బస్సులో సీటు వెతికేటప్పుడు, చివరికి నాకు పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా ఆమెది ఇదే మాట. పెళ్లికొడుకు కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాడో చూసి, వాళ్లమ్మ లేచి తీసి పెట్టాలని నేల మీదే వదిలేశాడని, ఆ సంబంధం వద్దంది. ఆమె చెప్పింది నిజమేనని తర్వాత తేలింది. అది వేరే కథ.

ఆ రోజుల్లో వీడియో గేములంటే అందరికీ పిచ్చి. టీవీకి తగిలించే బూడిదరంగు పెట్టె, దాంట్లో గుచ్చే పసుపుపచ్చ క్యాసెట్టు. నాకూ కావాలని నేను ఏడో తరగతిలో మూడు రోజులు అన్నం మీద అలిగాను. నాలుగో రోజు అత్త యూనిఫాంలోనే నన్ను బస్టాండు దగ్గర ఫ్యాన్సీ అంగడికి తీసుకుపోయింది. అంగడతను పెట్టె విప్పి చూపించాడు. దాంట్లో రెండు రిమోట్లతో పాటు వైరుతో ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉంది. నల్లటి పిడి, నారింజరంగు మూతి. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, గోడ మీద గడియారానికి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కింది. లోపల స్ప్రింగు టంగుమంది. "ఇది ఇయ్యప్పా," అంది. అలిగింది నేను, మురిసింది ఆమె.

ఆ తుపాకీతో ఆడే ఆట పోలీసు ఆట. ఒక గోడ కనిపిస్తుంది. గోడ ముందు మూడు అట్టబొమ్మలు పక్కకు తిరిగి నిలబడి ఉంటాయి. ఉన్నట్టుండి మూడూ మనవైపు తిరుగుతాయి. వాటిలో పిస్తోలు పట్టుకున్న దొంగలుంటారు, బిడ్డనెత్తుకున్న ఆడమనిషి ఉంటుంది, కళ్లజోడు ముసలాయన ఉంటాడు. దొంగల్నే కొట్టాలి, ఆటకు ఇరవై మంది. అమాయకులకు తగిలినా తప్పే, దొంగ తప్పించుకున్నా తప్పే. ఒక్కో తప్పుకు టుయ్యిమని ఒక కూత. పది తప్పులైతే ఏడుపుగొట్టు పాట ఒకటి వచ్చి ఆట ముగుస్తుంది. ఆ తర్వాత పెట్టె నోరు మూసుకుంటుంది. మళ్లీ ఎవరో ట్రిగ్గరు నొక్కేదాకా చప్పుడు చెయ్యక కాచుకుని ఉంటుంది.

మూతిని టీవీ అద్దానికి ఆనించి కొట్టడం పిల్లలందరూ చేసే మోసం. మొదటి రోజే నేనూ అదే చేశాను. అత్త లోపలికి పోయి, దెబ్బలకు వేసే ప్లాస్టరు చుట్ట తెచ్చి, టీవీకి ఎనిమిది అడుగుల దూరంలో నేల మీద అడ్డంగా ఒక పట్టీ అంటించింది. అడుగులు కొలవడం ఆమె పాదాలతోనే. "గీత దాటొద్దు," అంది. ఆమె ఇల్లు మారినప్పుడల్లా ముందు టీవీ దిగేది, తర్వాత గీత పడేది, ఆ తర్వాతే పాలు పొంగించేవాళ్లం.

నేను గురి కుదరని దాన్ని. బొమ్మలు తిరగ్గానే కంగారుపడి మూడింటినీ కొట్టేసేదాన్ని. బిడ్డతల్లి నా చేతిలో ఎన్నిసార్లు చచ్చిందో లెక్కలేదు. అత్త అలా కాదు. రెండు కళ్లూ తెరిచి, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేది. బొమ్మలు తిరిగాక కూడా ఒక క్షణం కొట్టదు. చేతులు చూస్తుంది. పిస్తోలుందా, బిడ్డుందా. అప్పుడు నొక్కుతుంది. ఆ ఒక్క క్షణం వల్లే అప్పుడప్పుడు దొంగ తప్పించుకునేవాడు. ఇరవై మందిలో పద్దెనిమిది మందో పందొమ్మిది మందో దొరికేవాళ్లు. అన్నేళ్లలో ఆ బిడ్డతల్లి మీద ఆమె దెబ్బ ఒక్కటీ పడలేదు.

ఒక ఆదివారం అత్త నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఆడుతుండగా, బందోబస్తు పిలుపుతో ఎస్సైగారు నేరుగా గుమ్మంలోకే వచ్చేశారు. అత్త చటుక్కున అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టింది. ప్లాస్టిక్ తుపాకీ కూడా చేత్తో పాటే నుదుటిదాకా పోయింది. ఆయన టీవీ వైపు చూసి, "ఏమ్మా, ఎంతమందిని పట్టినారు?" అన్నారు. "పద్దెనిమిది మంది సార్. ఇద్దురు పరారీలో ఉండారు," అంది అత్త, మొహంలో నవ్వన్నది లేకుండా. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఇద్దరం నేల మీద కూలబడి నవ్వాం.

దొంగ తప్పించుకుంటే పోనీ, అమాయకురాలికి తగలకూడదన్న పట్టుదల ఎక్కడిదో ఆమె నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. ఉద్యోగంలో కొత్తలో ఏదో జాతరలో ఒకామె గొలుసు పోయింది. పక్కనే చిరిగిన కోకతో, ఎండిన మొహంతో ఒక ఆడమనిషి పిడికిలి బిగించి నిలబడి ఉంది. అత్త ఆమెను జనంలోంచి రెక్క పట్టి లాగింది. పిడికిలి విప్పిస్తే దేవతకు ముడుపు కట్టుకొచ్చిన పసుపుగుడ్డ. విచారణంతా అయ్యేలోపల ఆ మనిషి ఎక్కాల్సిన వాళ్లూరి బస్సు వెళ్లిపోయింది. "మొగం సూసి పట్టుకున్నా పాపా. తప్పయ్యిందమ్మా అని చెప్పాలని తర్వాత రొండేండ్లు అదే జాతరకు డ్యూటీ అడిగి పోయినా. ఆయమ్మ మళ్లా కనపడలా," అంది. ఆ రోజు ఆమె ఇక ఆడలేదు.

నేను ఆటలో ఓడిపోయి మొహం మాడ్చుకుంటే మాత్రం తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టేది. "ఇంగో ఆట," అనేది. పరీక్ష తప్పినా అదే మాట. ఇంటరులో నాకు లెక్కలు పోతే, నాయన తోటకు తీసుకుపోతానని వచ్చాడు. అత్త ఆయనకు అన్నం పెట్టి, "ఇంగో ఆట ఆడనీరా," అని వెనక్కి పంపింది. ఈ రోజు నేను ఒకరి కళ్లు పరీక్ష చేసి బతుకుతున్నానంటే ఆ ఇంకో ఆట వల్లే.

రిటైరయ్యాక అత్త చిత్తూరులో చిన్న ఇల్లు కట్టుకుంది. వేలూరు రోడ్డుకు దగ్గర. ఆ రోడ్డు మీదే ఒక బడి ఉంది. గ్రానైటు లారీలు, పాల ట్యాంకర్లు, కాయల కాలంలో మామిడి ట్రాక్టర్లు, వీటి మధ్య పిల్లలు రోడ్డు దాటాలి. ఎవరూ అడక్కుండానే అత్త పొద్దునా సాయంత్రమూ విజిలు తీసుకుపోయి అక్కడ నిలబడటం మొదలుపెట్టింది. ఖాకీ లేదు, తెల్లచీర, నెత్తిన టోపీ. చెయ్యి ఎత్తితే లారీ ఆగాల్సిందే. పిల్లలకు ఆమె పోలీసవ్వ. "లారీని సూడొద్దండి రా, డ్రైవరు చేతులు సూడండి. స్టీరింగు పట్టుకోనుంటే ఆగు, చెయ్యి ఊపితే పో," అని వాళ్లకూ పాఠం చెప్పింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ల కంటే ఆ రోడ్డు మీదే ఆమె ఎక్కువ సంతోషంగా కనిపించేది.

మధ్యాహ్నం భోజనమయ్యాక పోలీసు ఆట. అది వినోదం మాత్రమే కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న పరీక్ష. "ఇరవైకి పదైదు కంటే దిగిందంటే ఇంగ నేను రోడ్డెక్కను పాపా," అని నాతోనే అంది. "కన్ను, చెయ్యి తప్పినోళ్లు పిలకాయల్ను ఎనకేసుకోని రోడ్డు మింద నిలబడగూడదు." నేను నవ్వాను. ఆడే ఆటకు, నిలబడే రోడ్డుకు ఏం సంబంధమత్తా అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ మాట నాకు గుర్తుండాల్సింది. తర్వాత అవసరమైనప్పుడు నాకు తట్టలేదు.

రెండేళ్ల కిందటి దీపావళికి నేను ఆమెకు కొత్త టీవీ కొన్నాను. గోడకు బిగించే పలచటి టీవీ. పాత డబ్బా టీవీకి ఒక మూల పచ్చమచ్చ పడింది. అయినా, "అది బాగుండాది గదా పాపా, నాకు కనపడతా ఉండాది గదా," అని రెండుసార్లు అంది. నేను వినలేదు. పెద్దవాళ్లకు మంచి చేస్తున్నామనుకున్నప్పుడు మనకు చెవులు వినపడవు. చిత్తూరులోనే అంగడి ఉన్న టీవీ మెకానిక్ వచ్చి కొత్తది బిగించి పాతది పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం ఆట పెట్టె కొత్త టీవీకి తగిలించాం. బొమ్మ గోడంత పెద్దగా, అద్దంలా వచ్చింది. అత్త గీత వెనక నిలబడింది. బొమ్మలు తిరిగాయి. నొక్కింది. టుయ్. మళ్లీ నొక్కింది. టుయ్. పది తప్పులూ వరసగా పడి ఏడుపు పాట వచ్చింది. ఆమె తుపాకీ వైపు చూసింది, తెర వైపు చూసింది, తన కుడిచేతి వైపు చూసింది. నేనూ కొట్టి చూశాను. నాకూ ఒక్కటీ తగల్లేదు. నాకెప్పుడూ తగలదు కాబట్టి అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

మూడు ఆటలు ఆడింది. మూడింటిలోనూ సున్న. తర్వాత తుపాకీ బల్ల మీద పెట్టి కాఫీ కలపడానికి పోయింది. కాఫీ తీసుకొచ్చి, నా ముందే గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తూ, "ఏమయ్యింటాది పాపా?" అని అడిగింది.

"వయసైంది లే అత్తా," అన్నాను. "చూపు బాగానే ఉన్నా, చూసింది చేతికి చేరేలోపల ఆలస్యమవుతుంది. అందరికీ అంతే."

పండితురాలిలా చెప్పాను. కళ్ల గురించి చదువుకున్నాను కదా. అనుమానం రాకుండా ఉండేందుకు ఆమెను మరునాడు తిరుపతికి తీసుకొచ్చి పరీక్ష కూడా చేశాను. చివరి వరుసదాకా గడగడా చదివేసింది. చూశావా, కళ్లు బాగున్నాయి అన్నాను. అత్త చార్టు వైపు చెయ్యి చూపించి, "అది నిలబడుంటాది పాపా. దొంగ నిలబడతాడా?" అంది. నేను వయసు సంగతే మళ్లీ ఇంకోలా చెప్పాను.

వారం తర్వాత ఫోను చేసింది. "బడి కాడికి పోవడంలేదు పాపా. మానేసినా," అంది. నేను సంతోషించాను. ఈ మాట దాచుకోవాలని ఉంది కానీ దాచను. ఎండలో, దుమ్ములో, లారీల మధ్య ఆమె నిలబడటం నాకు ఎప్పుడూ భయమే. "మంచి పని చేశావత్తా, ఇంట్లో హాయిగా ఉండు, కొత్త టీవీ చూసుకో," అన్నాను. "సూస్తా ఉండా," అంది.

ఆ తర్వాత రెండేళ్లు ఆమె ఇంటిపట్టునే ఉంది. జబ్బు లేదు, కొత్త మందు లేదు. అయినా మనిషిలో ఏదో తగ్గింది. ఫోనులో మాటలు తగ్గాయి. నేను పోయినప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని, బడి గంట కొట్టే వేళకు రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉండేది. ఆట పెట్టె ఏదత్తా అంటే, ఎత్తిపెట్టేసినా అంది. రాత్రి లోపలికి తెచ్చి వేసుకున్న ఆ కుర్చీలోనే పోయింది.

పదో రోజు ఇల్లు సర్దుతున్నాను. మరునాడు కర్మ. వంటింటి గోడకు ఒకే మేకుకు నాలుగేళ్ల క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. పైవాటిని తీస్తే రెండేళ్ల కిందటిది బయటపడింది. ప్రతి తేదీ కింద పెన్సిలుతో ఒక అంకె. పద్దెనిమిది, పదిహేడు, ఇరవై, పందొమ్మిది. పక్కనే బడికి పోయినందుకు టిక్కు. దీపావళి దాకా అంతే. దీపావళి నుంచి టిక్కులు లేవు. అంకెలున్నాయి. సున్న. సున్న. సున్న. నవంబరు అంతా, డిసెంబరు అంతా, ఒక్క రోజు కూడా వదలకుండా. నాకు తెలిసి ఆమె ఆ ఒక్క సాయంత్రమే ఆడి మానేసింది. తెలియకుండా రెండు నెలలు రోజూ గీత వెనక నిలబడి, పదిహేను కొట్టి మళ్లీ రోడ్డెక్కాలని చూసింది. ఆ తర్వాతి ఏడాది క్యాలెండరులో పాలు, గ్యాసు తప్ప ఇంకేమీ రాసిలేదు.

ఆట పెట్టె, తుపాకీ బీరువా అడుగున పాత ఖాకీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. పనిచేస్తే పక్కింటి పిల్లలకు ఇద్దామని మెకానిక్ అంగడికి తీసుకుపోయాను. విప్పగానే ఆయన గుర్తుపట్టాడు.

"హెడ్డమ్మ తుపాకి గదా ఇది?"

"నీకెట్ల తెలుసన్నా?"

"కొత్త టీవీ బిగించినాక నాలుగు దినాలకు తెచ్చింది. చెడిపోయిందేమో సూడప్పా అనింది. ఇదో, ఈ బల్ల మింద టీవీకి తగిలించి నేనే కొట్టినా. పదికి పది తగిలినాయి. తుపాకి బాగుండాది మ్మా అంటిని. సరేప్పా అని చుట్టుకోని పాయ."

బల్ల మీద ఉన్నది పాత డబ్బా టీవీ. అలాంటివి ఇప్పుడు రిపేరు అంగళ్లలోనే కనిపిస్తాయి.

"ఆమెను కొట్టి చూడమనలేదా అన్నా?"

"అంటిని. అంగట్లో జనం ఉండిరి. వద్దులేప్పా, నువ్వు కొడితివి గదా అనింది."

"మరి ఇంట్లో ఒక్కటీ తగల్లేదే. రెండు నెలలు రోజూ ఆడింది."

"ఏ టీవీలో?"

"నువ్వు బిగించిందే. కొత్తది."

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. "అయ్యో పాపా. దానికి ఇది పనిచెయ్యదు గదా."

తర్వాత వివరంగా చెప్పాడు. ఆ తుపాకీలోంచి బయటికి వచ్చేది ఏమీ లేదట. దాని మూతిలో ఉండేది ఒక కన్ను. మనం నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, దొంగ ఉన్నచోట మాత్రం తెల్లటి మచ్చ మెరుస్తుంది. ఆ తెలుపు ఈ కంటికి అందితే తగిలినట్టు. డబ్బా టీవీలో అది అప్పటికప్పుడే మెరుస్తుంది. కొత్త టీవీ బొమ్మను లోపల సర్దుకుని రవ్వంత ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికి ఈ కన్ను చూడటం మానేసి ఉంటుంది. "ఎంత మొనగాడొచ్చి కొట్టినా తగలదు పాపా. ఆయమ్మ టీవీ సంగతి చెప్పలా, నేను అడగలా," అన్నాడు.

ఆలస్యమైంది టీవీకి. నేను దాన్ని అత్త చేతికి అంటగట్టాను. తుపాకీ బాగుందని మెకానిక్ అన్నాడు, కళ్లు బాగున్నాయని నేనన్నాను, ఇక చెడింది తన చెయ్యేనని ఆమె తేల్చుకుంది. సాక్ష్యాలన్నీ సరిగ్గా చూసే తీర్పు చెప్పుకుంది, పాపం. పదేళ్లుగా కళ్లు పరీక్ష చేస్తున్న దాన్ని, ఏళ్ల తరబడి నా చేతిలో ఆడిన ఆ తుపాకీ ఒక కన్నని నాకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. వయసైంది లే అనడం అడగడం కంటే సులువు.

అంగట్లో నిలబడే ఉన్నాను కానీ నాకు కనిపిస్తున్నది ఆ దీపావళి సాయంత్రం. అత్త నా ఎదురుగా కాఫీ ఎత్తి పోస్తూ ఉంది. మూరెడు పైనుంచి, పొగలు కక్కే కాఫీ, సన్నటి గ్లాసులోకి. ఒక్క చుక్క కింద పడలేదు. గ్లాసు వణకలేదు. నేను ఆమె మొహంలో ముడతలు చూసి తీర్పు చెప్పాను. చేతులు నా కళ్ల ముందే ఉన్నాయి.

మరునాటి కర్మకు ఆ బల్ల మీద టీవీ ఇస్తావా అన్నా అని అడిగితే, మెకానిక్ తనే దాన్ని ఆటోలో ఎక్కించాడు. "తీసుకపో పాపా. పనయినాక తెచ్చియ్యి," అన్నాడు.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కర్పూరం ఇచ్చి, తలుపు మూసి కాసేపు అందరూ బయట నిలబడటం మావైపు పద్ధతి. వాళ్లు వచ్చి తినిపోతారని. పదకొండో నాడు అత్త ఫోటో ముందు వడలు, పాయసం, తాంబూలం, ఆమె విజిలు పెట్టాం. నేను డబ్బా టీవీని పాతచోట దించి ఆట పెట్టె తగిలిస్తుంటే నాయన వచ్చాడు.

"పిలకాయల ఆట పాపా అది. ఆకు ముందర పెడతారా?"

జరిగింది మొత్తం చెప్పాను. నేనన్న మాట కూడా దాచకుండా చెప్పాను. నాయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "అక్క చెయ్యి ఎప్పుడూ వణకలా," అన్నాడు. తర్వాత వంగి, టీవీ గీతకు నేరుగా ఉండేటట్టు తనే జరిపాడు. నేల మీద ప్లాస్టరు పట్టీ అంచులు నల్లబడి ఇంకా అక్కడే ఉంది.

నేను ఒకసారి ట్రిగ్గరు నొక్కి ఆట మొదలుపెట్టాను. తుపాకీని గీత వెనక, పిడి ఇటువైపుగా పెట్టాను. నాయన తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. చుట్టాలందరూ వాకిట్లో నిలబడ్డారు. లోపల ఆట మొదలైన పాట వినిపించింది. కాసేపటికి టుయ్. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. రెండు. మూడు. బొమ్మలు తిరుగుతూ ఉంటాయి. దొంగలు వచ్చి నిలబడి పోతూ ఉంటారు. బిడ్డతల్లి కూడా వచ్చే ఉంటుంది. ఎనిమిది. తొమ్మిది. పదో కూత తర్వాత ఆ ఏడుపు పాట వచ్చింది. ఆ తర్వాత చప్పుడు లేదు. ట్రిగ్గరు కోసం పెట్టె కాచుకుని ఉంది.

నాయన గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఉండు నాయనా," అన్నాను. "ఇంగో ఆట."

ఆయన చెయ్యి తీసేశాడు. లోపల స్ప్రింగు చప్పుడు కోసం ఇద్దరం మూసిన తలుపు దగ్గర చెవులొగ్గి నిలబడ్డాం.